పనివారి కొఱత: ధాన్యపు మిల్లుల చిక్కులును రైతుల బాధ్యతయును

పంట పండించుట యొక యెత్తు, పండిన పంటను సొమ్ము చేసికొనుట యొక యెత్తు. ధాన్యము కళ్లము విడిచి, బియ్యమై సంచిలో చేరువఱకును రైతు కష్టమునకు ఫలము పూర్తిగా దక్కినట్లు కాదు. ఈ నడుమ నున్న మెట్లలో సంఘమువారి కొనుగోలు కేంద్రము, లారీ, మిల్లు అను మూడును ముఖ్యములు. ఈ మూడింటను పనిచేయువారు చాలినంతమంది లేనిచో, ఉన్నవారు పని తెలిసినవారు కానిచో, తెలిసినవారు నిలువనిచో, ఆ నష్టము తిరిగి తిరిగి కళ్లములో కాపు కాయుచున్న రైతు తలమీదనే పడును. కావున కర్మాగారముల యజమానులను బాధించు పనివారి సమస్య మనకు సంబంధింపనిదని యెంచరాదు. దాని స్వరూపమెట్టిదో, అనుభవము నేర్పిన పాఠములెవ్వియో, సంఘ సభ్యులు చేయదగినదేమో యీ వ్యాసమున వివరింపబడును.

2020వ సంవత్సరపు పాఠము

2020 మార్చి 25వ తేదీనుండి దేశమంతటను కరోనా వ్యాధి కారణముగా రాకపోకలు నిలిపివేయబడెను. పరరాష్ట్రములనుండి వచ్చిన కూలీలు పని లేక, కూలి లేక, ఇండ్లకు పోవు దారి లేక మిక్కిలి యిడుమలు పడిరి. ఆ యేటి మే 1వ తేదీన హైదరాబాదు చెంతనున్న లింగంపల్లి స్టేషనునుండి సుమారు 1,200 మంది కూలీలతో నొక ప్రత్యేకపు రైలు జార్ఖండు రాష్ట్రములోని హటియాకు బయలుదేరెను. వలసకూలీలను స్వస్థలములకు జేర్చిన శ్రామిక రైళ్లలో నదియే మొదటిది.

వారము తిరుగునప్పటికి వింతయొకటి జరిగెను. మే 8వ తేదీన బీహారులోని ఖగడియానుండి బయలుదేరిన రైలొకటి అదే లింగంపల్లి స్టేషనునకు రెండువందలకు పైచిలుకు పనివారిని దించెను. వారు తెలంగాణమునందలి ధాన్యపు మిల్లులలో మూటలు మోయు హమాలీలు. అప్పటికి యాసంగి పంట కొనుగోలు కేంద్రములకు వచ్చిపడుచుండెను. మిల్లులలో ధాన్యము దింపువారు లేనిచో లారీ కదలదు. లారీ కదలనిచో కేంద్రములో కాటా సాగదు. కాటా సాగనిచో రైతు ధాన్యము వానకు, ఎండకు విడువవలసినదే. దేశమంతయు కూలీలను ఇండ్లకు బంపుచుండగా, మిల్లులకొఱకు కూలీలను ఎదురు రప్పించుకొనవలసివచ్చెను. మిల్లు యంత్రముల వెల యెంతయైనను, వాటిని నడుపునది చేతులును భుజములునే యని యానాడు అందఱకును తెలిసివచ్చెను.

చిక్కు ఎక్కడ ముదిరినది?

వరికోత యంత్రములు రాకముందు కోత, కుప్ప, నూర్పు, తూర్పారబట్టుట అను పనులు వారములతరబడి సాగుచుండెడివి. ఒకరి ధాన్యము నేడు, వేఱొకరిది పదిదినములకు మిల్లు చేరుచుండెడిది. ఇప్పుడు యంత్రము పొలములోనికి దిగినచో ఎకరము కోత గంటలలో ముగియుచున్నది. ఊరి పంటంతయు ఒక్కసారిగా, అదియును పచ్చిగా, రోడ్డుమీదికి వచ్చుచున్నది. యంత్రము పొలములోని కూలీల కొఱతను తీర్చినమాట నిజమే. కాని యా కొఱతను పూర్తిగ పోగొట్టలేదు, పొలమునుండి కాటాయొద్దకును మిల్లు ముంగిటికిని జరిపినది.

ఒక చిన్న లెక్క చూడుడు. ఎకరమునకు 25 క్వింటాళ్లు పండినచో, 40 కిలోల సంచులలో నింపగా 62 సంచులకు మించును. ఒక్కొక్క సంచి కాటాకు ఒకసారి, లారీకి ఒకసారి, మిల్లులో దింపుటకు ఒకసారి, గోతిలో పోయుటకు ఒకసారి, తక్కువలో తక్కువ నాలుగుసార్లు ఎత్తబడును. అనగా ఎకరపు పంటకు సుమారు 250 ఎత్తులు. వేయి ఎకరముల గ్రామమునకు రెండున్నర లక్షల ఎత్తులు కొలదిదినములలో జరుగవలెను. ఈ భారమును మోయువారి సంఖ్య కోత యంత్రముల సంఖ్యవలె పెరుగలేదు.

కొఱతలు మూడు విధములు

యజమానులు “మనుష్యులు దొరకుటలేదు” అని యొక్కమాటలో చెప్పుదురు. కాని విచారించి చూడగా అది మూడు వేర్వేఱు కొఱతలు కలిసిన మాట. మొదటిది సంఖ్యలో కొఱత: ఋతువున పదిదినములు వందమంది కావలెను, మిగిలిన దినములలో ఇరువదిమంది చాలుదురు. రెండవది నేర్పులో కొఱత: మనిషి దొరకును గాని యంత్రము తెలిసినవాడు దొరకడు. మూడవది నిలుకడలో కొఱత: వచ్చినవాడు నేర్చుకొనులోపలనే విడిచిపోవును. ఈ మూడింటికిని మందులు వేఱు. మొదటిదానికి ముందుచూపు, రెండవదానికి శిక్షణ, మూడవదానికి న్యాయమైన కూలియు మర్యాదయు కావలయును. ఒకదాని మందు వేఱొకదానికి వేసినచో రోగము కుదురదు.

నిలుకడలేమి యెంత ఖర్చు?

ఈ విషయమున అమెరికాలో ఫోర్డు మోటారుకార్ల కంపెనీవారి చరిత్ర ప్రసిద్ధము. 1913లో ఆ కంపెనీవారు తమ హైలాండు పార్కు ఫ్యాక్టరీలో, కదలుచుండు పట్టాపై కారును నడిపించుచు, ఒక్కొక్క పనివానిచే నొక్కొక్క చిన్నపనిని మాత్రమే చేయించు పద్ధతిని ప్రారంభించిరి. పని వేగము పెరిగెను గాని, దినమెల్ల ఒకే మరను బిగించుచుండుట పనివారికి రోతపుట్టించెను. ఆ సంవత్సరము సుమారు 14,000 మందిని నిలుపుకొనుటకై కంపెనీవారు 52,000 మందికి పైగా చేర్చుకొనవలసివచ్చెను. అనగా ప్రతి స్థానమునకును ఏటికి మువ్వురు నలుగురు వచ్చి పోవుచుండిరి.

1914 జనవరి 5వ తేదీన కంపెనీవారు దినమునకు 5 డాలర్లు ఇచ్చెదమని ప్రకటించిరి. అంతకుముందు 9 గంటల పనికి రెండున్నర డాలర్లకు లోపుగానే ముట్టుచుండెను. ఇప్పుడు పని గంటలును 8కి తగ్గించిరి. విడిచిపోవువారి సంఖ్య వెంటనే పడిపోయెను. 1913లో నూటికి 370 వంతుననున్నది, 1915 నాటికి నూటికి 16 వంతులకు దిగెను. ఇందులో లోపములు లేకపోలేదు. పెంచిన మొత్తములో నొక భాగము లాభములో పంచిపెట్టుడుగా నుండుటచే, దానిని పొందగోరువాని యింటి నడవడిని గూడ కంపెనీ ఉద్యోగులు విచారించుచుండిరి. స్త్రీలకు మొదట ఆ కూలి యీయలేదు. అయినను మూలసూత్రము స్పష్టమే: పనివాడు విడిచిపోవుట ఉచితముగా జరుగు పని కాదు, దాని ఖర్చు ఏ పద్దులోను కనబడదు గాని, తప్పక పడుచునే యుండును.

మన మిల్లునకు దీనిని అన్వయించి చూతము. ఒక మిల్లులో 40 మంది పనివారని ఊహింపుడు. ప్రతి స్థానమునకును ఏటికి రెండుసార్లు క్రొత్తవాడు వచ్చుననుకొందము. అనగా 80 మంది క్రొత్తవారు. క్రొత్తవాడు మొదటి పదిదినములు సగము పని మాత్రమే చేయగలిగినచో, ఒక్కొక్కని వలన ఐదుదినముల కూలి వ్యర్థమగును. మొత్తము 400 దినముల కూలి. దీనిని ఆ 40 మందికే పంచినచో మనిషికి పదిదినముల కూలి ఋతువు చివర బహుమానముగా నీయవచ్చును. ఈ పదిదినముల కూలిని పనివారు పోయిన పిమ్మట నష్టపోవుటకంటె, వారు నిలుచుటకై యిచ్చుట మేలు కాదా?

అయితే ఫోర్డువారికి లాభము మిక్కుటముగా నుండెను. ధాన్యపు మిల్లునకు అంత వెసులుబాటు లేదని యజమానులు చెప్పుదురు. ఆ మాటలో నిజము కలదు. కూలి నొక్కసారిగా రెట్టింపు చేయుమని యెవ్వరును చెప్పజాలరు. కాని డబ్బు అక్కఱలేని, లేక కొంచెపు డబ్బుతో నగు సంస్కరణములు అనేకములు గలవు. కూలి నియమిత దినమున చెల్లించుట, త్రాగునీరు, నిద్రించుటకు తగిన గది, మరుగుదొడ్డి, మర్యాదగల మాట అనునవి వానిలోనివి.

మేస్త్రీల చేతిలో నియామకము

కూలీలను దెచ్చు పనిని మేస్త్రీకి వదలివేయుట మన దేశమున ప్రాచీన పద్ధతి. 1929లో నియమింపబడి 1931లో నివేదిక సమర్పించిన విట్లీ సంఘము, మన దేశపు ఫ్యాక్టరీ కూలీల స్థితిగతులను విపులముగా పరిశీలించెను. నియామకమును, తొలగింపును మేస్త్రీల చేతులలో నుంచుటవలన లంచములు పెరుగుచున్నవనియు, ఆ యధికారమును వారినుండి తీసివేసి, పనివారి విషయములు చూచుటకు ప్రత్యేకోద్యోగిని నియమింపవలయుననియు ఆ సంఘము సలహా యిచ్చెను. కూలీ పల్లెను విడిచి వచ్చుట పట్టణము మీది మోజుచేత గాక, బ్రదుకుతెరువు లేమిచేతననియు, పల్లెతో వానికిగల సంబంధమును త్రెంచుటకంటె క్రమపఱచుట మేలనియు గూడ వారు కనుగొనిరి.

దాదాపు నూఱేండ్లు గడచినను ఈ మాటలు చాలవఱకు నేటికిని చెల్లును. మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇచ్చి మనుష్యులను గట్టివేసికొనుచున్న చోట్ల పనివాడు మిల్లునకు గాక మేస్త్రీకి లోబడియుండును. మేస్త్రీ యొకనాడు అలిగినచో నలువదిమందియు నొక్కసారిగా లేచిపోవుదురు. యజమానికి తన పనివారి పేర్లయినను తెలియవు. పండుగకో, విత్తనముల వేళకో వారు ఇంటికి పోవుదురని ముందే తెలిసికొని, తిరిగివచ్చు తేదీని మాటాడుకొని, ప్రయాణపు ఖర్చులు భరించిన మిల్లునకు మరుసటి ఋతువున వారే తిరిగి వచ్చెదరు. పల్లెకు పోవు పనివాడు పాఱిపోవువాడు కాడు. రైతులమైన మనకు ఈ సంగతి యొకరు చెప్పనక్కఱలేదు.

పని నేర్పు పద్ధతి

రెండవ కొఱత నేర్పునకు సంబంధించినది. ధాన్యపు మిల్లులో పొట్టు ఒలుచు యంత్రమునందు రెండు రబ్బరు రోళ్లు ఎదురెదురుగా, వేర్వేఱు వేగములతో తిరుగుచుండును. వాని నడుమ సందు మిక్కిలి తగ్గినచో గింజ విఱిగి నూక పెరుగును, రబ్బరు త్వరగా నఱుగును. సందు మిక్కిలి పెరిగినచో గింజ ఒలువబడక ధాన్యముగానే సాగిపోవును. ధాన్యపు రకమును, తేమను బట్టి ఈ సందును సరిచేయుట యంత్రము చెంత నిలిచిన మనిషి పని. ప్రభుత్వ సేకరణలో నూఱు క్వింటాళ్ల ధాన్యమునకు 67 క్వింటాళ్ల పచ్చిబియ్యము రావలెనని నిర్ణయము కలదు. వేయి క్వింటాళ్లు మరపట్టగా వచ్చు 670 క్వింటాళ్లలో, నేర్పులేమివలన నూటికి రెండు వంతులు అదనముగా నూక యైనచో, 13 క్వింటాళ్లకు పైగా మేలిబియ్యము నూకల ధరకు దిగిపోవును. మిల్లు సంఘముదైనచో ఆ నష్టము మన వాటాలలోనిదే.

ఇట్టి నేర్పును త్వరగా నేర్పుటకు రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1940 మొదలు 1945 వఱకు, అమెరికా ప్రభుత్వమువారు ఒక పద్ధతిని వ్యాపింపజేసిరి. ఆరితేరినవారు యుద్ధమునకు పోగా, ఫ్యాక్టరీలలోనికి ఎన్నడును యంత్రము చూడనివారు వచ్చిరి. అప్పుడు పనివారికంటె ముందు వారిపై నుండు మేస్త్రీలకు “ఎట్లు నేర్పవలెను” అను విద్యను నేర్పిరి. 16 లక్షలకు పైబడినవారు ఈ శిక్షణను పొందిరి. యుద్ధానంతరము ఈ పద్ధతి జపానునకు పోయి, అచ్చటి ఫ్యాక్టరీలలో వేళ్లూనెను.

ఆ పద్ధతిలో నాలుగు మెట్లు గలవు. మొదట క్రొత్తవాని బెదురు తీర్చి, వానికేమి తెలియునో యడిగి, పనిమీద ఆసక్తి కలిగింపవలెను. రెండవది, పనిని ఒక్కొక్క యంశముగా చేసి చూపుచు, ముఖ్యమైన చోట్లను, వాని కారణములను చెప్పవలెను. మూడవది, వానిచేతనే చేయించి, ఏల యట్లు చేయుచున్నాడో వాని నోటనే చెప్పించి, తప్పులను అప్పుడే దిద్దవలెను. నాలుగవది, పనికి వదలి, సందేహము వచ్చినచో ఎవరి నడుగవలెనో చెప్పి, మొదట తఱచుగాను పిమ్మట అరుదుగాను పోయి చూచుచుండవలెను. శిష్యుడు నేర్వకున్న లోపము నేర్పినవానిదని వారి సిద్ధాంతము. మన మిల్లులలో నేర్చుకొనువానిని తిట్టుటయే బోధయని తలచు మేస్త్రీలు ఈ యొక్కమాటను గుర్తుంచుకొనినను చాలును. దుక్కి దున్నుట నేర్పిన తండ్రులందఱును ఈ నాలుగు మెట్లను ఎఱుగుదురు. వానికి పేర్లు పెట్టలేదు, అంతే.

దేహరక్షణ

పనివాడు నిలువకుండుటకు కూలి యొక్కటియే కారణము కాదు. వేసవి యెండలో, ఊకదుమ్ములో, ఉప్పుడు బియ్యపు ఆవిరిలో దినమెల్ల మూటలు మోయుట దేహమును హరించును. ఎదిగిన పురుషుడు మోయదగిన బరువు 55 కిలోలకు మించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫారసు చేసెను. 75 కిలోల బస్తాను వీపుమీద మోసినవారి నడుములు ఏమయినవో మన గ్రామములలోని వృద్ధులనడుగుడు. 40 కిలోల సంచి వచ్చుట మేలైన మార్పు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము తిరుగు యంత్రభాగములకు కంచె నుంచవలెననియు, వారమునకు 48 గంటలకు మించి పనిచేయింపరాదనియు, మించిన గంటలకు రెట్టింపు కూలి యీయవలెననియు శాసించెను. 2020లో పార్లమెంటు ఆమోదించిన క్రొత్త కార్మిక సంహితలు 2025 నవంబరు 21వ తేదీనుండి అమలులోనికి వచ్చి, పాత చట్టముల స్థానమును ఆక్రమించినవి. మించిన గంటలకు రెట్టింపు కూలి యను నియమము వీనిలోను నిలిచియున్నది. నియామక పత్రము నీయవలెనను నియమమును వీనిలో గలదు. పేరు, కూలి, పని వ్రాసిన కాగితము పనివాని చేతనున్నచో తగవులు సగము తగ్గును. యజమానికిని అది రక్షణయే.

యంత్రములు వచ్చినచో చాలదా?

మూటలను పైకి చేర్చు పట్టాలు, గింజల రంగును చూచి ఏఱు యంత్రములు వచ్చినవి గదా, ఇక మనుష్యులతో పని యేమి యని కొందఱందురు. యంత్రము భుజముల పనిని తగ్గించునది నిజము. కాని దానిని సరిచూచుటకు, మరమ్మతు చేయుటకు నేర్పరి కావలయును. పదిమంది హమాలీల స్థానమున ఇద్దఱు నేర్పరులు వత్తురు. ఆ యిద్దఱు విడిచిపోయినచో మిల్లే నిలిచిపోవును. కావున యంత్రము పెరిగినకొలది నిలుకడయొక్క విలువ పెరుగునేగాని తగ్గదు. 1961 నాటి అప్రెంటిసుల చట్టము క్రింద యువకులను భృతితో పనిలో పెట్టుకొని నేర్పుటకు వీలు గలదు. సభ్యుల కుమారులను, కుమార్తెలను మన యూరి మిల్లులోనే నేర్పరులుగా చేసికొనుటకు ఇది మంచి మార్గము.

సభ్యులు చేయదగిన పనులు

మొదటిది: ధాన్యమును ఆరబెట్టి, తాలు తీసి తెండు. కొనుగోలునకు తేమ నూటికి 17 వంతులకు మించరాదని నియమము. పచ్చిధాన్యము తెచ్చినచో కేంద్రములో దానిని ఆరబోయుట, ఎత్తుట, మరల పోయుట అను పనులకే హమాలీల కాలము సరిపోవును. వారికి కొఱత కలిగించునది కొంతవఱకు మనమే.

రెండవది: సంఘమువారు కోతలకు ముందే వాడవారీగా వంతులు నిర్ణయించి టోకెన్లు ఇచ్చినచో, ఆ వంతును పాటింపుడు. ఇరుగుపొరుగువారు మాటాడుకొని రెండుమూడు రకముల కాలములు గల విత్తనములు వేసినచో కోతలు కొన్నిదినములు వెనుకముందగును.

మూడవది: హమాలీ రుసుమును బేరమాడి తగ్గించుట గొప్పతన మనుకొనకుడు. నిర్ణయించిన రుసుము సక్రమముగా వారి చేతికే చేరుచున్నదో లేదో విచారింపుడు. నడుమ తఱుగుదల యేదైన నున్నచో సంఘములో ప్రశ్నింపుడు.

నాల్గవది: సర్వసభ్య సమావేశమున లాభనష్టముల పట్టీతోపాటు ఈ నాలుగు సంగతులను కార్యవర్గము నడుగుడు. ఈ యేడు ఎందఱు పనివారు చేరిరి, ఎందఱు విడిచిరి? విడిచినవారు చెప్పిన కారణమేమి? ఎవరికైన దెబ్బలు తగిలినవా? పనివారు లేక మిల్లుగాని కేంద్రముగాని ఎన్నిగంటలు నిలిచెను? ఈ లెక్కలు వ్రాయుటకు నొక పుస్తకము చాలును. లెక్క వ్రాయనిచోట నష్టము దాగుకొనును.

ఒక్క సంగతి మనసున నుంచుకొనదగినది. నేడు మన గ్రామములలో ఒక కుమారుడు పొలములో, మఱియొకడు పట్టణపు ఫ్యాక్టరీలో నున్న కుటుంబములు మెండు. తన కుమారునికి మంచి కూలి, చల్లని నీరు, మర్యాద కావలెనని కోరు తండ్రియే సంఘ సమావేశమున కూర్చుండి, బీహారు హమాలీకి గది యేల, ప్రయాణపు ఖర్చేల యని యడిగినచో, ఆ మాట న్యాయముగా నుండదు. సంఘములో వాటా గల ప్రతిరైతును నొక యజమానియే. మంచి యజమానిని పనివారు వెదకికొని వత్తురు. అట్టివాని కళ్లములో ధాన్యము వానకు తడియు భయము తక్కువ. రాబోవు కోతలకు పూర్వమే ఈ విషయమును ప్రతి సంఘమువారును చర్చించి, తగిన తీర్మానములు చేసికొందురుగాక యని కోరుచున్నాము.